లోపం కనపడలేదు

సోమవారం పొద్దున పదిన్నరకి చిన్ని జనన మరణ ధ్రువపత్రాల ఆఫీసుకి చేరేసరికి క్యూ మెట్లు దిగి వీధి గుమ్మం దాకా వచ్చేసింది. ఆమె భుజాన నల్లసంచీ, చొక్కా జేబులోంచి తల బయటపెట్టిన స్క్రూడ్రైవరూ చూసి జనం తమంతట తామే ఒత్తిగిలి దారిచ్చారు.

"వచ్చింది కంప్యూటరమ్మాయి" అన్నారెవరో.

"హమ్మయ్య. మా మనవడు పుట్టి నెలరోజులైంది. ఇవాళన్నా కాగితం మీద పుడతాడు" అన్నాడొక పెద్దాయన. నలుగురు నవ్వారు. చిన్నికి మాత్రం నవ్వు రాలేదు. రెండు నెలల్లో ఇదే కంప్యూటరు వెలగడం లేదంటే ఇవే మెట్లు ఎక్కడం ఆమెకిది నాలుగోసారి.

తీరా లోపలికెళ్తే తెర వెలుగుతోంది. సూపరింటెండెంటు బల్ల పక్కన నిలబడి, చేతులకంటిన దుమ్ము రుమాలుతో తుడుచుకుంటున్నాడు.

"అనవసరంగా పరిగెత్తించామమ్మా నిన్ను" అన్నాడు. "నేనొచ్చి డబ్బాని ఇలా ముందుకి లాగి, రెండు దెబ్బలేసి నొక్కాను. బుద్ధిగా లేచి కూర్చుంది."

"నేను తొమ్మిదింటి నుంచి ముప్పై ఒక్కసారి నొక్కాను" అంది కుర్చీలో ఉన్నావిడ, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆవిడకి యాభై దాటాయి. ఆ అద్దం వెనక ఎన్నేళ్ళుగా కూర్చుంటోందో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. పేరు పెట్టి పిలిచే అలవాటు ఎప్పుడో పోయి, ఆఫీసు మొత్తానికి కౌంటరావిడ అయిపోయింది.

"నొక్కడంలో తేడా ఉంటుందేమో మరి" అన్నాడు సూపరింటెండెంటు. అద్దానికి అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. కౌంటరావిడ చెవులు ఎర్రబడడం చిన్ని చూసింది. చూసి, సంచీ విప్పే పనిలో పడింది.

మొదట గోడ ప్లగ్గులో టెస్టరు పెట్టి చూసింది. కరెంటు సరిగ్గానే ఉంది. కంప్యూటరు కట్టేసి, సీపీయూ డబ్బాని బల్ల కిందినుంచి ఎత్తి, బల్లమీద పక్కకి పడుకోబెట్టి, మూత తీసింది. లోపలి దుమ్ము బ్రష్షుతో దులిపింది. మెమరీ పలకలు ఊడదీసి, అంచుల్ని రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించింది. పవర్ సప్లై నుంచి వచ్చే తీగల్ని ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూసింది. మళ్ళీ వేసింది. వెలిగింది. పదిసార్లు కట్టేసి పదిసార్లు వేసింది. పదిసార్లూ వెలిగింది.

"నువ్వొస్తే పలుకుతుంది" అంది కౌంటరావిడ. "నేనంటేనే దానికి పడదు."

"ఇంకొంచెంసేపు చూస్తాను మేడం."

"ఏం చూస్తావమ్మా, పనిచేస్తుంటే?" అన్నాడు సూపరింటెండెంటు, గడియారం వైపు చూసి. "జనం ఆగారు. కాగితం రాసిచ్చెయ్యి."

చిన్ని డబ్బాని బల్ల కింద నిలబెట్టి, సంచీలోంచి రసీదు పుస్తకం లాంటి పుస్తకం తీసింది. తేదీ వేసింది. 'పరీక్షించడమైనది. లోపం కనపడలేదు' అని రాసింది. ఆ మాటలు రాసి రాసి ఆమె చేతికి అలవాటైపోయాయి. పెన్ను ఎక్కడా ఆగలేదు.

ముద్ర కోసం సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళింది. ఆయన సొరుగులో ముద్ర వెతుకుతుంటే బల్లమీద తెరిచున్న ఫైలు కంటపడింది. పైన గుండుసూదితో గుచ్చిన మూడు చిన్న కాగితాలు. మూడింటి కిందా తన సంతకమే. వాటి కింద టైపు చేసిన మెమో. తలకిందులుగా ఉన్న అక్షరాలు చదవడం చిన్నికి అలవాటే. యంత్రాల మీద అక్షరాలెప్పుడూ అలాగే ఉంటాయి. '... యంత్రంలో ఎట్టి లోపమూ లేదని నిపుణులు మూడుసార్లు ధ్రువీకరించినందున ... సదరు ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనూ, పని తప్పించుకొను ఉద్దేశంతోనూ ... ఒకటో తేదీ నుండి కింది అంతస్తులోని పాత రికార్డుల గదికి ...'

కింది అంతస్తు గది చిన్నికి తెలుసు. ఒకసారి తీగలు వెయ్యడానికి దిగింది. కిటికీ లేదు. అట్టపెట్టెలు, చెమ్మ, ఒకే ఒక బల్బు. పావుగంటలో ఊపిరాడక పైకొచ్చేసింది.

"ఇది..." అంది.

సూపరింటెండెంటు తలెత్తి, ఆమె ఎక్కడ చూస్తోందో గమనించాడు. ఫైలు మూయలేదు. "ఏం చెయ్యనమ్మా? తొమ్మిదికి తెరవాల్సిన కౌంటరు వారానికి మూడు రోజులు పదింటికి, పదకొండింటికి తెరుస్తోంది. జనం నా మీద పడుతున్నారు. అక్కడైతే కంప్యూటరూ ఉండదు, పాడయ్యే గొడవా ఉండదు."

"సార్, లోపం కనపడలేదంటే లోపం లేదని కాదు."

"అయితే ఉందని రాయి."

"ఏంటో తెలీకుండా ఎలా రాస్తాను?"

"అదే కదమ్మా నేననేది" అంటూ ఆమె వేళ్ళ మధ్యనున్న కాగితం అందుకున్నాడు. చిన్ని కాస్త గట్టిగానే పట్టుకుంది. ఆయన ఇంకాస్త గట్టిగా లాగాడు. నాలుగో కాగితం మిగతా మూడింటి మీదికి చేరింది.

మర్నాడు షాపులో ఆమెకి ఏ పనీ కుదురుగా సాగలేదు. షాపంటే బావ ఇంటి కింది గదే. పైన అక్కా బావా ఉంటారు. వెనక వైపు గది చిన్నిది. ఊళ్ళో పద్దెనిమిది ఆఫీసుల కంప్యూటర్లు చూసుకునే పని బావ తెస్తాడు, చేసేది చిన్ని. పొద్దున్నుంచీ ఒక ప్రింటరు ముందేసుకుని కూర్చుంది. విప్పిన రోలరుని తిరగేసి బిగించింది. మళ్ళీ విప్పింది. స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. మోకాళ్ళ మీద పాకి వెతికి, దొరికాక, దాన్ని ఎందుకు వెతికిందో మరిచిపోయినట్టు చేతిలో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయింది.

"ఏంటే చిన్నీ, ఒంట్లో బాలేదా?" అన్నాడు బావ, ఫోను చెవికి పెట్టుకునే.

"ఆ ధ్రువపత్రాల ఆఫీసుకి ఓసారి వెళ్ళొస్తాను బావా."

"పిలిచారా?"

"లేదు."

"పిలవకుండా వెళ్తే లోపం మనదనుకుంటారు" అన్నాడు. అప్పటికే ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది.

కంప్యూటరు ఆ రోజు హాయిగా నడుస్తోంది. భోజనాల వేళ కావడంతో కౌంటరు అద్దం వెనక పరదా దించి ఉంది. కౌంటరావిడ అన్నం డబ్బా తెరిచి తింటోంది. చిన్నిని చూసి నమలడం ఆపింది.

"ఇవాళ నేనేం చెయ్యలేదు. దానంతటదే మొదటి నొక్కుకే వచ్చింది" అంది, ముందుగానే సంజాయిషీ చెబుతున్నట్టు.

"అది కాదు మేడం. ఎప్పుడెప్పుడు రావట్లేదో గుర్తుందా?"

కౌంటరావిడ చెయ్యి తుడుచుకుంది. సొరుగు లాగి, క్లిప్పు పెట్టిన కాగితాల కట్ట తీసి బల్లమీద పడేసింది. పాడైపోయిన ప్రింటు కాగితాల వెనకవైపు, స్కేలుతో గీసిన గళ్ళు. తేదీ, వారం, ఎన్నింటికి నొక్కింది, ఎన్నిసార్లు నొక్కింది, ఎన్నింటికి లేచింది. అచ్చేసినట్టున్న అక్షరాలు. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు.

చిన్ని నిలబడే పేజీలు తిప్పింది. "ఇదంతా ఎవరికన్నా చూపించారా?"

"ఆయనకి చూపించాను. ఇంత రాసే తీరిక ఉందన్నమాట అన్నాడు." కౌంటరావిడ నీళ్ళు తాగింది. "నాకు కంప్యూటర్ల గురించి ఏం తెలీదమ్మాయ్. రాయడం తెలుసు. ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో రాసే చెయ్యి. అదే చెయ్యి ఇదీ రాసింది. ఇన్నాళ్ళూ నేను రాసినదాన్ని ఎవరూ కాదనలేదు."

చిన్ని వేలు వారాల గడి మీద కిందికి జారుతూ వచ్చింది. సోమ, బుధ, శుక్ర. మళ్ళీ సోమ, బుధ, శుక్ర. ఒక వారం బుధవారం లేదు. ఆ రోజు సెలవని పక్కన రాసుంది. మంగళ, గురువారాలు ఒక్కటంటే ఒక్కటి లేవు.

"ఈ మూడు రోజుల్లోనే ఏం జరుగుతుంది ఇక్కడ?"

"నేను తొమ్మిదికొస్తాను. నేనొచ్చాక ఏం జరుగుతుందో చెప్పగలను. రాకముందు సంగతి నాకేం తెలుసు?" అని, కాగితాల కట్ట వెనక్కి లాక్కోకుండా, అడిగింది. "ఏం, ఇప్పుడు నమ్ముతున్నావా నన్ను?"

చిన్ని అబద్ధమాడలేకపోయింది. "కాగితాన్ని నమ్ముతున్నాను మేడం."

కౌంటరావిడ పెదవి ఓ పక్కకి కదిలింది. నవ్వని చెప్పలేం. "పోనీలే. అదన్నా ఉంది" అంది.

బుధవారం ఏడున్నరకే చిన్ని ఆఫీసు గుమ్మం ముందుంది. తాళాలు తీసింది బకెట్ తాత. ఆఫీసు తెరవడం, ఊడవడం, తడిబట్ట పెట్టడం ఆయన పని. ఎప్పుడు చూసినా చేతిలో బకెట్ ఉంటుంది కాబట్టి ఆ పేరు.

"ఇంత పొద్దున్నే ఎవరు చచ్చారు తల్లీ?" అన్నాడు. ఆ ఆఫీసులో అది మామూలు పలకరింపే.

"ఎవరూ చావలేదు తాతా. నువ్వు పని చేసుకో. నేనలా కూర్చుంటాను."

"రోజూ ఊడుస్తాను. తడిబట్ట మాత్రం వారానికి మూడు రోజులే. నా నడుము అంతకంటే ఒప్పుకోదు."

"ఏ మూడు రోజులు?"

"సోమ, బుధ, శుక్ర."

చిన్ని కూర్చోబోయిన బెంచీ మీంచి లేచి నిలబడింది.

తాత కర్రకి చుట్టిన బట్ట బకెట్లో ముంచి పిండాడు. గోడవారగా మొదలుపెట్టి, వెనక్కి అడుగులేస్తూ, విల్లులా ఇటూ అటూ తుడుచుకుంటూ వచ్చాడు. కౌంటరు బల్ల దగ్గరికొచ్చాక వంగి, కింద చెయ్యి పెట్టి, సీపీయూ డబ్బాని వెనక్కి వాల్చి తన మోకాలికి ఆనించుకున్నాడు. దాని కింద మరకపోయే దాకా తుడిచాడు. తర్వాత పసిపిల్లని పడుకోబెట్టినంత మెల్లగా దాన్ని యథాస్థానంలో పెట్టాడు. ఎంత శ్రద్ధగా పెట్టాడంటే, చూసినవాళ్ళు దాన్ని ఎవరూ ముట్టుకోలేదనే అనుకుంటారు.

నేల ఆరే దాకా కూడా ఆగలేదు చిన్ని. వంగి నొక్కింది.

ఫ్యాను సర్రుమని సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. సర్రు, నిశ్శబ్దం. మూడోసారి అదీ లేదు. తెర నల్లగా ఉంది. అప్పుడు తోచిందామెకి తను నాలుగుసార్లూ చేసిందేమిటో. వచ్చీ రాగానే డబ్బా ఎత్తి బల్లమీద పడుకోబెట్టేది. తను రాకపోతే సూపరింటెండెంటు లాగి దెబ్బలేసేవాడు. ఎవరు కదిపినా బాగైపోయేది. కదిపినందుకే బాగైపోయేది.

ఈసారి ఎత్తలేదు. ప్లగ్గు పీకేసి, తడినేల మీదే పక్కకి పడుకుని, టార్చి నోట కరుచుకుని, డబ్బా ఎలా ఉన్నదాన్ని అలాగే ఉంచి పక్క మూత జార్చింది. చొక్కా ఒక పక్కంతా తడిసింది. లోపల అంతా సవ్యంగానే కనిపించింది. డబ్బాకి చెవి ఆనించి, రెండు చేతులతో పట్టుకుని, వెంట్రుకవాసి వంచింది.

టిక్.

మళ్ళీ ఇటు వంచింది. టిక్.

టార్చి వెలుగు మదర్ బోర్డుకీ దాని వెనకనున్న రేకుకీ మధ్య సందులోకి పోనిచ్చింది. అడుగున, రేకుకీ బోర్డుకీ రెంటికీ తగులుకుని, తెల్లగా ఒక స్క్రూ మెరిసింది. కరెంటు పోవాల్సిన దారిన పోకుండా అడ్డదారి పట్టిస్తున్నది అదే. అయస్కాంతపు మొన ఉన్న స్క్రూడ్రైవరు మెల్లగా దింపింది. రెండుసార్లు జారింది. మూడోసారి అతుక్కుని వచ్చింది.

అరచేతిలో వేసుకుని చూసింది. పొట్టిగా, వెడల్పు తలతో, తెల్ల పూతతో ఉంది. ఆమె చూపు డబ్బా వెనక వైపుకి పోయింది. అక్కడ పవర్ సప్లైని పట్టి ఉంచే స్క్రూలు నాలుగు. మూడు తెల్లవి. ఒకటి నల్లది.

ఆ నల్లది తను బిగించిందే.

రెండు నెలల కిందట ఈ పవర్ సప్లై మార్చింది తనే. ఆఖరి స్క్రూ బిగిస్తుండగా బావ ఫోను. ఇంకో ఆఫీసులో అర్జంటు. మెడకీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని 'వస్తున్నా, వస్తున్నా' అంటుండగా వేళ్ళలోంచి స్క్రూ జారింది. చప్పుడు విన్నది. నేల మీద పడ్డ చప్పుడు కాదది. అప్పుడూ తెలుసు, కాదని. అయినా నేలకేసి ఒక్క చూపు చూసి, తన డబ్బీలోంచి నల్లది తీసి బిగించి, మూత వేసి వెళ్ళిపోయింది.

కౌంటరావిడ కాగితాల్లో మొదటి తేదీ దాని తర్వాతి బుధవారం.

"ఏం దొరికింది తల్లీ?" తాత కర్ర పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఆమె పాలిపోయిన మొహం చూసి ఆయన మొహమూ మారింది. "నేను కదిపితేనే పాడైందా? నేను వాలుస్తున్నాననేనా?"

"నీదేం లేదు తాతా."

"ఆయనకి చెప్పకు తల్లీ. ఏ చిన్న తప్పు దొరికినా తీసేస్తానని ఎప్పట్నుంచో అంటున్నాడు."

చిన్ని స్క్రూని జేబులో వేసుకుని, మూత బిగించి, ప్లగ్గు పెట్టి, మీట నొక్కింది. కంప్యూటరు లేచింది. తాతని డబ్బా మోకాలికి ఆనించి వాల్చమని చెప్పి, మళ్ళీ నొక్కింది. లేచింది. అలా ఆరుసార్లు.

తొమ్మిదింటికి కౌంటరావిడ వచ్చింది. వెలుగుతున్న తెర చూసింది. తడిసిన చొక్కాతో నిలబడ్డ చిన్నిని చూసింది. సంచీ కూడా దింపకుండా అడిగింది, "బుధవారం కదా?"

"అవును మేడం. దొరికింది. సరిచేశాను."

"ఏంటది?"

చిన్ని నోరు తెరిచింది. అద్దానికి అవతల జనం అప్పుడే చేరుతున్నారు. "తీగ ఒకటి... వదులైంది" అంది.

"తీగా?" కౌంటరావిడ ఆమెవంక అలాగే చూసింది. "ఆ మాట కాగితం మీద రాసిస్తావా?"

"రాసిస్తాను. రేపు తెచ్చిస్తాను" అని సంచీ భుజాన వేసుకుని బయటపడింది. మెట్లు రెండేసి చొప్పున దిగింది. ఎవరూ తరమకపోయినా వీధి మలుపు దాకా ఆ నడక తగ్గలేదు.

సాయంత్రం బావ పైనుంచి కేకేశాడు, టీకి రమ్మని. అక్క ఇస్త్రీ చేస్తోంది. చిన్ని కప్పు అందుకుని కూర్చోకుండా గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ స్క్రూ సంగతీ, తడిబట్ట సంగతీ, మెమో సంగతీ చెప్పింది. జేబులోంచి స్క్రూ తీసి బల్లమీద పెట్టింది. బావ దాన్ని ముట్టుకోలేదు. కుట్టే పురుగుని చూసినట్టు చూశాడు.

"బాగైంది కదా? అయిపోయింది. తీగ వదులని రాసిచ్చెయ్యి."

"తీగ వదులైతే నాలుగుసార్లు ఎందుకు చూడలేకపోయావంటారు. ఆవిడ మీదున్న మెమో అలాగే ఉంటుంది."

బావ చెడ్డవాడు కాదు. చిక్కుముడి కనిపిస్తే విప్పకుండా పక్కనుంచి దారి వెతికే మనిషి, అంతే. "సరే. శుభ్రం చేసేటప్పుడు డబ్బాని అటూఇటూ వాల్చడం వల్ల లోపలి భాగం కదిలింది అని రాయి. అందులో అబద్ధం ఒక్కముక్క లేదు. ఆవిడ బయటపడుతుంది. మన కాంట్రాక్టు వచ్చే నెల మళ్ళీ రాయించుకోవాలి, అదీ నిలబడుతుంది."

"తాత పోతాడు."

"ఏ తాత?"

"తుడిచే ఆయన."

"అందరినీ నువ్వే మొయ్యాలా?" అన్నాడు బావ. గొంతు పెరిగింది. "ఆ రోజు ఫోను చేసింది నేను. నన్నూ రాస్తావా?"

"పడేసింది నేను బావా. వెతకంది నేను."

బావ కప్పు బల్లమీద పెట్టి కిందికి వెళ్ళిపోయాడు. షాపు షట్టరు దించిన చప్పుడు మామూలు కంటే గట్టిగా వినిపించింది. అక్క చొక్కా చేతిని సాగదీసి పెట్టె నడిపింది. ఆవిరి లేచింది.

"నువ్వేమంటావే అక్కా?"

"నేననేదేముంది? రాస్తే రాయి. రేపట్నుంచి మీ బావ మొహం చూస్తూ ఇవే మెట్లు ఎక్కి దిగాల్సింది నువ్వు. రాయకపోతే ఆవిడ మొహం చూస్తూ ఆ మెట్లు." చొక్కా మడత పెట్టి పక్కన పెట్టింది. "ఏ మెట్లు ఎక్కగలవో నీకు తెలియాలి. టీ చల్లారిపోతోంది, తాగు."

గురువారం చిన్ని నాలుగు కాగితాలు చింపి అయిదోది రాసింది. అదీ వంకరటింకరగానే వచ్చింది. 'లోపం కనపడలేదు' తప్ప వేరే వాక్యం రాసి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలీదు. బావ షాపులో ఉన్నంతసేపూ ఆమెతో మాట్లాడలేదు. ఆమె బయల్దేరుతుంటే మాత్రం, "స్కూటరు తీసుకెళ్ళు. నడిచి వెళ్తే మనసు మారుతుంది" అన్నాడు, తలెత్తకుండా. అది ఒప్పుకోలో ఎత్తిపొడుపో ఆమెకి అంతుపట్టలేదు. తాళం చెవి మాత్రం తీసుకుంది.

సూపరింటెండెంటు కాగితం రెండుసార్లు చదివాడు. రెండోసారి కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"డబ్బాని కదిపింది ఎవరు? తుడిచేవాడా?"

"ఆయన కదపాల్సిందే కదిపాడు సార్. నేల తుడవాలంటే కదపాలి. స్క్రూ లోపల లేకపోతే ఎంత కదిపినా ఏం కాదు."

"ఈ కాగితం ఫైల్లో పెడితే మీ కంపెనీ గురించి నేను పైకి రాయాల్సి ఉంటుంది. తెలుసా?"

"తెలుసు సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం కంటే విసుగే ఎక్కువ కనిపించింది ఆ మొహంలో. తేలిపోయిందనుకున్న లెక్క మళ్ళీ మొదటికొస్తే ఉండే విసుగు. "నాలుగు కాగితాలు నువ్వే ఇచ్చావు. వాటిని పట్టుకునే కదమ్మా నేను రాసింది."

"అందుకే అయిదోది తెచ్చాను."

ఫైలు తెరిచి మెమో వంక కాసేపు చూశాడు. "వెనక్కి తీసుకోక తప్పదు" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. చేతిలోని కాగితం చిన్నికి వెనక్కిచ్చేశాడు. "చేతిరాత పనికిరాదు. టైపు చేయించి, సంతకం పెట్టి తీసుకురా."

"ఎక్కడ చేయించను?"

"ఎక్కడేంటి? కౌంటర్లో. మన దగ్గర టైపు చేసేది ఆవిడేగా."

కౌంటరు ముందు పదిహేను మంది ఉన్నారు. చిన్ని లోపలి తలుపు గుండా వెళ్ళి కౌంటరావిడ పక్కన నిలబడింది. "సూపరింటెండెంటు గారు టైపు చేయించుకు రమ్మన్నారు" అని కాగితం ముందు పెట్టింది.

కౌంటరావిడ దాని మీద ఒక్క చూపు వేసి పక్కకి జరిపింది. "నీ రాత నాకు అర్థం కాదు. చదువు."

చిన్ని చదవడం మొదలుపెట్టింది. కౌంటరావిడ వేళ్ళు తేదీ, చిరునామా, విషయం చకచకా కొట్టేశాయి. పవర్ సప్లై మార్చిన తేదీ దగ్గర ఒక్క క్షణం నెమ్మదించాయి. 'బిగించునపుడు ఒక స్క్రూ' అన్న చోట పూర్తిగా ఆగిపోయాయి. ఆవిడ తల తిప్పలేదు. తెరమీద గీత మాత్రం కొట్టుకుంటూ ఉంది.

"తీగ అన్నావు" అంది చివరికి.

"అబద్ధం చెప్పాను మేడం."

"నాలుగుసార్లు నా పక్కన నిలబడి రాసిచ్చావు. నా ఎదురుగానే."

"అవును."

అద్దం మీద ఎవరో నాణెంతో కొట్టారు. "అయిదు నిమిషాలు" అంది కౌంటరావిడ అటు చూడకుండానే. ఆ గొంతుకి నాణెం ఆగిపోయింది. వేళ్ళు మళ్ళీ మీటల మీద పెట్టింది. "చదువు."

"'ఇందుకు కారణం నా' ..." చిన్ని ఆగింది. అక్కడ ఆమె రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసింది. కాగితం చిరిగే దాకా కొట్టేసింది.

"నా, ఏంటి? పొరపాటా? నిర్లక్ష్యమా?"

"మీ మెమోలో ఏముంది?"

"నిర్లక్ష్యం."

"అయితే అదే వెయ్యండి."

కౌంటరావిడ మొదటిసారి ఆమెవైపు తిరిగింది. కళ్ళలో తడి లేదు, మెత్తదనమూ లేదు. ఏదో అంకె సరిచూసుకునే చూపు. "పడ్డప్పుడు చప్పుడు విన్నావా?"

"విన్నాను."

"లోపల పడిందని తెలిసిందా?"

ఆ సంగతి చిన్ని బావకి చెప్పలేదు, అక్కకి చెప్పలేదు, కాగితంలో రాయలేదు. "తెలిసింది" అంది.

కౌంటరావిడ తెరవైపు తిరిగి టైపు చేసింది. చిన్ని ఏమీ చదవకుండానే, ఆపకుండా, నాలుగైదు వాక్యాలు. ప్రింటరు కీచుమంటూ కాగితం బయటికి తోసింది. చిన్ని పెన్ను తీసి, కాగితం బల్లమీద ఆనించి, కింద సంతకం చోటు వెతుక్కుంది.

కౌంటరావిడ అరచెయ్యి వచ్చి ఆ చోటుని కప్పేసింది.

"చదివి పెట్టు."

చిన్ని కాగితం చేతిలోకి తీసుకుంది. క్యూ అంతా ఆమెనే చూస్తోంది. మొదటినుంచీ చదివింది. నిర్లక్ష్యం అన్న మాట ఎక్కడా లేదు. పొరపాటు అన్న మాటా లేదు. అది ఉండాల్సిన చోట ఇలా ఉంది: 'స్క్రూ జారి లోపల పడినది. పడినట్లు నాకు తెలిసినది. వెతకలేదు. తరువాత నాలుగు పర్యాయములు వచ్చి, లోపం కనపడలేదని రాసి ఇచ్చితిని. ఈ కాలమంతయు సదరు ఉద్యోగి చెప్పినది నిజము.'

మళ్ళీ పైనుంచి చదివింది. ఒక్క అక్షరం మార్చడానికి లేదు. మెల్లగా, పూర్తి పేరు వచ్చేలా సంతకం పెట్టింది.

"రెండు కాపీలు తీశాను" అంది కౌంటరావిడ. "రెండోదాని మీద కూడా పెట్టు. అది నాకు."

రెండోదాని మీదా పెట్టింది. కౌంటరావిడ ఆ కాగితాన్ని వెలుతురులోకి ఎత్తి, సంతకం ఒకసారి చూసి, సొరుగులో పెట్టి తాళం వేసింది. తర్వాత అద్దం వైపు వంగింది.

"ఎవరండీ ముందు? పుట్టుకా, పోవడమా?"